‘చదువుకో’ అనడం మానేశాకే మా చిన్నోడు చదవడం మొదలుపెట్టాడు

 

ఈ రోజు ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, కొత్త ఫోన్ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ లేవు. ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతా. మీ ఇంట్లో ఐదో తరగతి లోపు చదివే పిల్లలు ఎవరైనా ఉన్నారా? తమ్ముడో, చెల్లో, అక్క కూతురో, బాబాయ్ వాళ్ళ అబ్బాయో, పక్కింటి పాపో... ఎవరైనా సరే. ఉంటే ఈ ఇరవై నిమిషాలు మీ కోసమే.

టాపిక్ ఏంటంటే, చిన్న పిల్లలకి ఇంట్లో చదవాలనే ఇష్టం ఎలా పుట్టించాలి? పరీక్షల చదువు గురించి కాదు నేను మాట్లాడేది. ఒక కథో, పేపర్లో ఒక ముక్కో, ఎవరూ చెప్పకుండా వాళ్ళంతట వాళ్ళే తీసి చదవడం గురించి. "నీకింకా పెళ్ళే కాలేదు, నీకెందుకు బ్రో ఈ టాపిక్" అంటారని తెలుసు. చెప్తా, వినండి.

పోయిన దసరాకి ఖమ్మంలో మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. మా మేనల్లుడు అప్పుడు మూడో తరగతి. ఇంట్లో అందరం వాణ్ణి చిన్నోడు అంటాం, ఇక్కడ కూడా అలాగే పిలుస్తా. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే పరిగెత్తుకుంటూ వచ్చి, "మామా, నీ వీడియో చూశా!" అన్నాడు. నాకు భలే సంతోషమేసింది. "ఏ వీడియో రా?" అన్నా. "నువ్వు నీలం చొక్కా వేసుకుంటావ్ చూడు, అది." "దాని పేరేంటి?" అంటే ఫోన్ తెచ్చి చూపించాడు. తంబ్‌నెయిల్ మీద నేనే కూర్చుని పెట్టుకున్న నాలుగు తెలుగు పదాలు, ఇంత లావు అక్షరాలతో ఉన్నాయి. "ఏది, చదువు" అన్నా. వాడు స్క్రీన్ వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత మైక్ బటన్ నొక్కి "మామ వీడియో" అన్నాడు.

అప్పుడు నవ్వేశాను కానీ ఆ రాత్రి పడుకున్నాక అర్థమైంది. వాడికి యూట్యూబ్‌లో ఏది కావాలన్నా దొరుకుతుంది. నోటితో చెప్తే సెర్చ్ అవుతుంది. బొమ్మ చూసి ఏ వీడియోనో గుర్తుపడతాడు. ఒకటి అయిపోతే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. ఇంత తిరుగుతున్నా ఒక్క అక్షరం చదవాల్సిన అవసరం వాడికి రావట్లేదు. ఇంకో సంగతి, వాణ్ణి అలా గంటలు గంటలు ఫోన్ ముందు కూర్చోబెట్టేవాళ్ళలో నేనూ ఉన్నా. ఉద్యోగం మానేసి వీడియోలు చేసుకుని బతుకుతున్నవాణ్ణి కదా! అందుకే అది నాకు గట్టిగా తగిలింది.

ఇది మా ఒక్క ఇంటి కథేనా?

కాదు. అసర్ అని ఒక సర్వే ఉంది, ప్రథమ్ అనే సంస్థ సాయంతో 2005 నుంచి జరుగుతోంది. పిల్లల చదువు చూడ్డానికి వాళ్ళు బడికి వెళ్ళరు, నేరుగా పల్లెల్లో పిల్లల ఇళ్ళకే వెళ్తారు. పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని ఒక కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ఎక్కడిదాకా చదవగలరో చూస్తారు, అంతే.

2024 సర్వేలో దేశంలోని 605 గ్రామీణ జిల్లాల్లో సుమారు 6.5 లక్షల మంది పిల్లల్ని కలిశారు. మూడో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథని చదవగలిగినవాళ్ళు 27.1 శాతం. అంటే నలుగురిలో ఒకరి కంటే కాస్త ఎక్కువ. ఐదో తరగతిలో 48.8 శాతం. ఐదో తరగతికి వచ్చినా సగం మందికి రెండో తరగతి కథ చదవడం రావట్లేదన్నమాట. కోవిడ్ తర్వాత 2022లో మూడో తరగతి లెక్క 20.5కి పడిపోయింది, అక్కణ్ణుంచి కొంచెం కోలుకుంది.

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల ఇళ్ళల్లో దాదాపు 90 శాతం ఇళ్ళకి స్మార్ట్‌ఫోన్ ఉంది. పుస్తకం లేని ఇల్లు ఉంటుందేమో కానీ ఫోన్ లేని ఇల్లు దొరకడం కష్టమే.

2021 జూలై 5న కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2026-27 నాటికి దేశంలో ప్రతి పిల్లా పిల్లవాడూ మూడో తరగతి దాటేలోపు అర్థం చేసుకుంటూ చదవగలగాలి, చిన్న లెక్కలు చెయ్యగలగాలి అన్నది దాని లక్ష్యం. మూడో తరగతే ఎందుకు? ఎందుకంటే అప్పటిదాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు. ఆ తర్వాత చదివి నేర్చుకోవాలి. సైన్స్, సోషల్, ఆఖరికి లెక్కల్లో ప్రశ్న కూడా చదివే అర్థం చేసుకోవాలి. చదవడం రాని పిల్లాడికి నాలుగో తరగతి నుంచి అన్ని సబ్జెక్టులూ ఒకేసారి కష్టమైపోతాయి. మనం "వీడికి బుర్ర లేదు" అనేస్తాం. బుర్ర ఉంటుంది. ప్రశ్నలో ఏం రాసుందో వాడికి తెలియట్లేదు.

చదువుతుంటే వాడి బుర్రలో ఏం జరుగుతుంది?

బఫరింగ్ తెలుసు కదా? నెట్ స్లోగా ఉన్నప్పుడు సినిమా పెట్టామనుకోండి. రెండు సెకన్లు ఆడుతుంది, ఆగుతుంది, గుండ్రం తిరుగుతుంది. మళ్ళీ రెండు సెకన్లు. ఎంత మంచి సినిమా అయినా ఏం చేస్తాం? కట్టేస్తాం. సినిమా బాలేదని కాదు, అలా ముక్కలు ముక్కలుగా చూస్తే కథ ఎక్కదు.

చిన్నోడు పుస్తకం తీస్తే సరిగ్గా అదే జరుగుతోంది. "రా... జు... గా... రి... తో... ట" అని ఒక్కో అక్షరం కూడబలుక్కుని వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతాడు. శక్తంతా అక్షరాలు గుర్తుపట్టడానికే ఖర్చయిపోతుంది, అర్థం చేసుకోవడానికి మిగలదు. అర్థం కానప్పుడు ఇష్టం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి.

మన తెలుగులో ఇంకొన్ని మలుపులు ఉన్నాయి. అక్షరమాల నేర్చుకుంటే అయిపోదు, గుణింతాలు రావాలి, ఆపైన ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులైతే అసలు అక్షరంలా కనపడనే కనపడవు. అ ఆ ఇ ఈ గడగడా అప్పజెప్పే పిల్లాడు కూడా "కొత్త", "అన్నం" దగ్గర ఆగిపోతాడు. పైగా మన పదాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. "వెళ్ళిపోయిందట" అనే ఒక్క పదంలో ఎంతుందో చూడండి. నిపుణ్ లక్ష్యంలో మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని ఉంది కానీ, ఇంత పొడుగు పదాలున్న తెలుగులో ఆ అంకెని పట్టుకుని ఇంట్లో స్టాప్‌వాచ్ పెట్టకండి, ప్లీజ్.

మరి బఫరింగ్ వస్తే మనం ఏం చేస్తాం? క్వాలిటీ తగ్గిస్తాం. 144కి పెట్టుకుని అయినా సినిమా చూసేస్తాం. పిల్లలకి చెయ్యాల్సింది కూడా అదే. వాడు ఆగకుండా చదవగలిగేంత తేలికైనది ఇవ్వాలి. మూడో తరగతి అయినా సరే ఒకటో తరగతి కథ ఇవ్వండి. అది ఆగకుండా ఆడాక క్వాలిటీ పెంచుకోవచ్చు.

నేను చేసిన రెండు తప్పులు

ఈ విషయాలన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందైతే బీటెక్ చదివిన ప్రతివాడూ చేసే పనే చేశా, సొంత తెలివి వాడా.

మొదటి తప్పు. కార్తీక మాసంలో చుట్టాలింట్లో గృహప్రవేశం. ఇరవై మంది కూర్చుని ఉన్నాం. చిన్నోడు ఎంత మెరుగయ్యాడో చూద్దామని పత్రిక చేతికిచ్చి "ఏది నాన్నా, గట్టిగా చదువు" అన్నా. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశం పత్రికల్లో భాష ఎలా ఉంటుందో మీకు తెలుసు, నాకే నోరు తిరగదు. వాడు "శ్రీ" దగ్గరే ఆగాడు. పక్కనున్న వాడి ఈడు పిల్లలు కిసుక్కున నవ్వారు. వాడు పత్రిక అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండు నెలలు నా చేతిలో కాగితం కనిపిస్తే చాలు, "మామా, బాత్రూమ్ వస్తోంది" అనేవాడు. ఆ రెండు నెలలు పోయింది నా వల్లే, ఇంకెవరి వల్లా కాదు.

రెండో తప్పు. పేజీకి పది రూపాయలు ఇస్తానన్నా. ఎక్సెల్ షీట్ కూడా తయారు చేశా, సిగ్గు లేకుండా చెప్తున్నా. మొదటి రోజు ఆరు పేజీలు చదివాడు. "కథలో ఏమైంది?" అంటే "అది అడుగుతావని చెప్పలేదుగా" అన్నాడు. నాలుగో రోజు పేజీకి ఇరవై అడిగాడు. నేను డబ్బులు ఆపేసిన రోజే వాడు పుస్తకం ఆపేశాడు. ఆలోచిస్తే వాడి తప్పేం లేదు. చదవడం అంటే కూలి పని అని నేర్పింది నేనే.

మధ్యలో ఒకసారి విసుగొచ్చి "కాసేపు ఏదైనా చదవొచ్చు కదరా" అన్నా. "నువ్వెప్పుడు చదువుతావ్ మామా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. వాడికి తెలిసిన మామయ్య ఫోన్ చూస్తాడు, ల్యాప్‌టాప్ చూస్తాడు, కెమెరా చూస్తాడు.

అమ్మ కంటి ఆపరేషన్

సంక్రాంతి తర్వాత మా అమ్మకి శుక్లం ఆపరేషన్ చేయించాం. ఖమ్మంలోనే, అక్క దగ్గర రెండు నెలలు ఉంది. నేను కూడా అక్కడే కూర్చుని ఎడిటింగ్ చేసుకున్నా. కొత్త కళ్ళజోడు రావడానికి నెల పడుతుందన్నారు. మా అమ్మకి పొద్దున్నే టీతో పాటు పేపర్ లేకపోతే తోచదు. ఊళ్ళో మాకు కౌలుకిచ్చిన పొలంలో మిర్చి వేశారు. సీజన్ అది. ఖమ్మం మార్కెట్‌లో మిర్చి ధర ఎంతుందో తెలియకపోతే ఆవిడకి రోజు గడవదు.

రెండో రోజో మూడో రోజో పొద్దున, ఎదురుగా చిన్నోడు కనిపిస్తే, "రా నాన్నా, నాకు కళ్ళు కనపట్టంలేదు, మిర్చి ఎంత పలికిందో కాస్త చదివి పెట్టు" అంది. అంతే. "చదువుకో" అనలేదు. "చదివి పెట్టు" అంది.

వాడు పేపర్ నేల మీద పరిచి వెతికాడు. "మి... చి" అన్నాడు. అమ్మ తప్పని అనలేదు. "మిచి ఏంట్రా, మిర్చి ధర కావాలి నాకు" అంది, మామూలుగా. వాడు మళ్ళీ వంగి చూసి, "ఆ! మిర్చి! ఉంది ఉంది, ఇదిగో!" అని అరిచాడు. ఆ ‘ర్చి’ని నేను రెండు నెలలు రాయించినా రాలేదు. అమ్మమ్మకి ఏం కావాలో తెలుసు కాబట్టి, ఆ పదం అక్కడ ఉండే తీరాలని తెలుసు కాబట్టి పట్టేశాడు.

తర్వాతి రోజు నుంచి వాడే పేపర్ తెచ్చేవాడు. మొదట్లో హెడ్డింగులే. ఆలోచించండి, హెడ్డింగ్ అంటే ఏంటి? పెద్ద అక్షరాలు, ఐదారు పదాలు, ఇట్టే అయిపోతుంది. మూడో తరగతి పిల్లాడికి అంతకంటే సరైన పాఠం ఏముంటుంది? తర్వాత సినిమా పేజీలో ఫోటో కింద లైను. తర్వాత వాతావరణం. వాడు చదువుతుంటే అమ్మ "అయ్యో", "అవునా", "మంచి పనైంది" అనేది. వాడు చదివినదానికి ఎదుటి మనిషి మొహంలో ఏదో ఒకటి మారుతోంది. పదో రోజుకి నేను పిలిచినా ఆగలేదు. "ఉండు మామా, అమ్మమ్మకి చెప్పాలి" అన్నాడు.

ఇన్నాళ్ళూ నేను ఎక్కడ తప్పు చేశానో అప్పుడు తెలిసింది. తెలుగులో చదువు అనే ఒక్క మాటే స్కూలుకీ వాడతాం, మార్కులకీ వాడతాం, డిగ్రీకీ వాడతాం, పుస్తకం చదవడానికీ వాడతాం. పిల్లాడికి "చదువు" అని వినపడితే గుర్తొచ్చేది హోంవర్క్, పరీక్ష, తిట్లు. నేను కథల పుస్తకం చేతికిచ్చి "చదువు" అన్నప్పుడు కూడా వాడికి వినపడింది అదే. పైగా చదివాక నేనేం చేసేవాణ్ణి? తప్పులు లెక్కపెట్టేవాణ్ణి. వాడు చదివింది నాకు అవసరం లేదు, నాకు ముందే తెలుసు. అమ్మకి మాత్రం నిజంగా కావాలి. తను చదివితే వినడానికి ఇంట్లో ఒక మనిషి ఎదురుచూస్తోందని తెలిశాక చిన్నోడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సరే, మీరేం చెయ్యొచ్చు?

మీ ఇంట్లో కంటి ఆపరేషన్ అవ్వాలని నేను కోరుకోవట్లేదు. కానీ అవసరం మనం సృష్టించుకోవచ్చు. నాకు పనికొచ్చినవి చెప్తా.

ఒకటి. "చదువుకో" బదులు "చదివి పెట్టు" అనండి. వంట చేస్తూ "చేతులు ఖాళీ లేవు, ఆ ప్యాకెట్ మీద ఏం రాసుందో చెప్పు" అనండి. బస్ కోసం నిలబడ్డప్పుడు "బోర్డు చూడు, ఏ ఊరు?" అనండి. ఊళ్ళో నాన్నమ్మకి ఫోన్ చేసినప్పుడు ఒక చిన్న కథ చదివి వినిపించమనండి. బడికి వెళ్ళని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే అంతకంటే మంచి శ్రోతలు ఉండరు, వాళ్ళు తప్పులు పట్టరు, కథ ఏమైందనే అడుగుతారు.

రెండు. రోజూ ఒకే టైమ్, పదిహేను నిమిషాలు. అన్నం తిన్నాక అయినా సరే, పడుకునే ముందు అయినా సరే. ఆ పదిహేను నిమిషాలు మీ ఫోన్ కూడా పక్క గదిలో ఉండాలి. ఇదే అన్నిటికంటే కష్టం, నా అనుభవం. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టే కంటే రోజూ పదిహేను నిమిషాలు ఎక్కువ పని చేస్తుంది.

మూడు. ముందు మీరు చదవండి, వాడు వింటాడు. తర్వాత అదే పేజీ ఇద్దరూ కలిసి పైకి చదవండి, పదాల కింద వేలు పెట్టి. తర్వాత వాడొక్కడే. కథ తెలిసిపోయాక చదివితే ఏం లాభం అనుకోకండి. తెలిసిన కథ కాబట్టే ఆగకుండా చదువుతాడు, చదవగలను అనే నమ్మకం వస్తుంది. మనకి నచ్చిన పాట వందసార్లు వింటాం కదా, వాళ్ళకి కథ కూడా అంతే. ఒకే పుస్తకం పదిసార్లు అడిగితే పదిసార్లూ ఇవ్వండి.

నాలుగు. తప్పు చదివితే వెంటనే మీద పడకండి. అర్థం మారకపోతే వదిలేయండి. మారితే వాక్యం అయ్యేదాకా ఆగి "ఏంటీ, పిల్లి చెట్టు తిన్నదా?" అనండి. వాడే నవ్వి వెనక్కి వెళ్ళి చూస్తాడు. ఒక పేజీలో ఐదు కంటే ఎక్కువ పదాల దగ్గర ఆగిపోతుంటే తప్పు వాడిది కాదు, ఆ పుస్తకం కష్టమైనది. మార్చేయండి. నలుగురిలో చదివించి పరీక్ష పెట్టడం మాత్రం అస్సలు వద్దు, నా గృహప్రవేశం కథ గుర్తుంచుకోండి.

ఐదు. మంచి చోట ఆపండి. 1947 జూలైలో మొదలైన చందమామలో బేతాళ కథలు ఎలా ఉండేవి? కథ చివర బేతాళుడు ప్రశ్న అడుగుతాడు, రాజు జవాబు చెప్తాడు, బేతాళుడు మళ్ళీ చెట్టెక్కేస్తాడు. తర్వాతి కథ కోసం నెల ఆగాలి. మా అమ్మ వాళ్ళు పోస్ట్‌మ్యాన్ కోసం వీధిలో నిలబడేవాళ్ళట. మీరు కూడా పులి నోరు తెరిచిన చోట పుస్తకం మూసి "మిగతాది రేపు" అనండి. ఫోన్‌లో సిరీస్‌లు మనకి చేసేది అదేగా! చిన్నోడు ఒకసారి నేను మూసిన పుస్తకం తీసుకుని, దుప్పట్లో దూరి, టార్చ్ వేసుకుని పూర్తి చేశాడు. అక్క తిట్టింది. నేను లోపల గంతులేశా.

ఆరు. పుస్తకం వాడినే ఎంచుకోనివ్వండి. మీకు నీతి కథలు నచ్చొచ్చు, వాడికి బల్లి గురించో క్రికెట్ గురించో కావాలేమో. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్ళు పిల్లల కోసం తక్కువ ధరలో తెలుగు పుస్తకాలు వేస్తారు. ఒక పిజ్జా డబ్బులతో కొన్ని పుస్తకాలు వస్తాయి.

ఫోన్‌ని ఏం చేద్దాం?

ఫోన్ లాక్కోండి అని నేను చెప్పను. చెప్తే మీరు నన్ను చూసి నవ్వుతారు. అదే ఫోన్‌లో చదవడానికి చోటు పెట్టొచ్చు.

మొదటిది స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ 2015లో మొదలుపెట్టింది. పిల్లల బొమ్మల కథలు బోలెడు భాషల్లో, మన తెలుగులో కూడా ఉచితంగా ఉంటాయి. నాకు నచ్చింది ఏంటంటే కథలన్నీ నాలుగు లెవెల్స్‌గా విడదీసి పెట్టారు. మొదటి లెవెల్‌లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. గేమ్‌లో లెవెల్ దాటినట్టే దాటొచ్చు. చిన్నోణ్ణి నేను మొదటి లెవెల్ నుంచే మొదలుపెట్టించా, "చిన్న పిల్లలది" అని మొహం మాడ్చుకున్నాడు కానీ రెండు రోజుల్లో పన్నెండు కథలు లాగించాడు.

రెండోది పాటలు. ఇది చాలామందికి తెలియదు. 1996లో బ్రిజ్ కొఠారి అనే ఆయన స్పానిష్ నేర్చుకుంటూ స్పానిష్ సినిమా చూస్తున్నారు. కింద ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ బదులు స్పానిష్‌లోనే వస్తే ఎంత బాగా నేర్చుకునేవాళ్ళం అనిపించింది. అదే పని మన పాటలకి చేస్తే? అహ్మదాబాద్ ఐఐఎంలో ఆ ఆలోచన మీద పని చేశారు. దూరదర్శన్‌లో చిత్రహార్, రంగోలీ లాంటి కార్యక్రమాల్లో హిందీ పాటకి హిందీలోనే అక్షరాలు వేశారు. పాట ఎలాగూ నోటికి వచ్చు కాబట్టి కళ్ళు వాటంతటవే అక్షరాల వెంట వెళ్తాయి. ఎవరూ చదవమని చెప్పక్కర్లేదు. మన దగ్గర ఇప్పుడు ప్రతి సినిమాకీ లిరికల్ వీడియో వస్తుంది. కాకపోతే చాలావాటిలో తెలుగు పాటని ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తారు. తెలుగు అక్షరాలున్న వీడియో వెతికి పెట్టండి. వాడు పాట పాడుకుంటాడు, మధ్యలో చదివేస్తాడు.

మూడోది, మీరు వాడికి మెసేజ్‌లు పెట్టండి. నేను ఇప్పుడు అక్క ఫోన్‌కి రోజూ చిన్నోడి పేరు మీద ఒక తెలుగు మెసేజ్ పెడతా. వాయిస్ మెసేజ్ కాదు. "ఈ శనివారం వస్తున్నా, నీకేం తేవాలి?" ఇలాంటివి. అది చదవకపోతే నష్టం వాడిదే కదా!

"తెలుగు చదివి ఏం చేస్తాడు?"

ఇది మా బావ అడిగిన ప్రశ్న. "ఇంగ్లీష్ మీడియం పిల్లాడయ్యా, వాడికి తెలుగు ఎందుకు" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే, ఎందుకంటే ఫీజు కట్టేది ఆయన. నేను చిన్నోడి ఇంగ్లీష్ పుస్తకం తెచ్చి కొత్త పేజీ తీసి చదవమన్నా. ఈసారి నేనూ బావా మాత్రమే ఉన్నాం. వాడు నోట్సులో ఉన్న జవాబులన్నీ చూడకుండా చెప్పాడు, కొత్త పేజీలో మాత్రం ఒక్క లైనూ కదల్లేదు. వాడు ఇంగ్లీష్ చదవట్లేదు, బట్టీ పట్టాడు.

పిల్లాడు పదం కూడబలుక్కుని బయటికి అన్నప్పుడు ఆ మాట వాడికి ముందే తెలిసి ఉండాలి. అప్పుడే "ఆ, ఇదా!" అని వెలుగుతుంది. మిర్చి అంటే వాడికి తెలుసు కాబట్టే ‘ర్చి’ వచ్చింది. ఇంట్లో మాట్లాడే భాషలో ఆ వెలుగు త్వరగా వస్తుంది. అక్షరాల్లోంచి అర్థం తియ్యడం అనే పని ఒక భాషలో వస్తే రెండో భాషకి కూడా పనికొస్తుంది. ఇంగ్లీష్‌కి మాటలు కొత్తగా నేర్చుకోవాలి, నిజమే, కానీ చదవడం అంటే ఏంటో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. మీ ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా, లంబాడీ అయినా, తమిళం అయినా ఇదే. ముందు ఆ భాషలో కథలు చెప్పండి, వాడు మాట్లాడే మాటలతో మొదలుపెట్టండి. బావ ఒప్పుకున్నాడా అంటే, పూర్తిగా కాదు. కానీ పేపర్ మాన్పించలేదు.

ఇప్పుడు ఎలా ఉన్నాడు?

అద్భుతం జరిగిందని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. చిన్నోడు ఇప్పుడు నాలుగో తరగతి. స్టోరీవీవర్‌లో రెండో లెవెల్ దాటి మూడోది మొదలుపెట్టాడు. పెద్ద పేరా కనిపిస్తే ఇంకా భయపడతాడు. మైక్ బటన్ ఇంకా నొక్కుతాడు. కొన్ని రోజులు పుస్తకం ముట్టుకోడు, అప్పుడు మేము ఏమీ అనం. పదాలు పలకడం బాగా వచ్చినా, చాలా నెలలు ఇంట్లో ఇంత చేసినా అక్షరాల దగ్గరే ఇబ్బంది పడే పిల్లలు కొందరు ఉంటారు. అది బద్ధకం కాకపోవచ్చు. టీచర్‌తో, డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి, కొట్టడం తిట్టడం వల్ల అది తగ్గదు.

మొన్న ఖమ్మం వెళ్ళినప్పుడు పొద్దున్నే వరండాలో అమ్మా, చిన్నోడూ కూర్చుని ఉన్నారు. అమ్మకి కళ్ళజోడు వచ్చి చాలా రోజులైంది, సూదిలో దారం కూడా ఎక్కిస్తోంది. అయినా పేపర్ రాగానే "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏంటో, కాస్త చదివి పెట్టు నాన్నా" అంది. వాడు పేపర్ మీంచి తల కూడా ఎత్తకుండా, "నీ నెత్తి మీదే ఉంది అమ్మమ్మా" అన్నాడు. అని, ఆగకుండా చదువుకుంటూ వెళ్ళాడు.

ఈ వారం మీకు ఒక్క పని. మీ ఇంట్లో ఉన్న ఆ చిన్న పిల్లని కానీ పిల్లాణ్ణి కానీ పిలిచి, ఒక్క లైను "చదివి పెట్టు" అని అడగండి. తప్పు చదివినా వినండి. వాళ్ళు ఏం చదివారో, మీరేం విన్నారో కామెంట్‌లో రాయండి, తెలుగులోనే రాయండి. చిన్నోణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాటిని వాడితోనే చదివిస్తా. నాకు కళ్ళు కనపట్టంలేదని చెప్తాలే.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.